జర్మనీలో రాష్ట్రాల మాటకు ఉన్న బలం మన దగ్గర ఎందుకు లేదు?

నెకర్_తీరం (స్టుట్‌గార్ట్)

అందరికీ నమస్తే. ఇక్కడి పౌరసత్వ పరీక్షకు చదువుతున్నాను. 33 ప్రశ్నలు, 17 సరిగ్గా రాస్తే పాస్, వాటిలో 3 మనం ఉండే రాష్ట్రం గురించే ఉంటాయి. పరీక్ష పెద్ద కష్టమేం కాదు, ప్రశ్నలన్నీ ముందే బయట దొరుకుతాయి. కానీ చదువుతూ చదువుతూ బుండెస్రాట్ అనే రాష్ట్రాల సభ దగ్గర ఆగిపోయాను. ఇన్నాళ్లూ దాన్ని మన రాజ్యసభ లాంటిదే అనుకుంటూ వచ్చాం చాలామందిమి, అసలు పోలికే లేదు.

అందులో ఎన్నికైన ఎంపీలు ఉండరు. 16 రాష్ట్రాల ప్రభుత్వాలే స్వయంగా వచ్చి కూర్చుంటాయి, అంటే ముఖ్యమంత్రి, ఆయన మంత్రులు. మొత్తం 69 ఓట్లు. దాదాపు కోటి ఎనభై లక్షల జనం ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాకు 6, ఏడు లక్షలు కూడా దాటీ దాటని బ్రేమెన్‌కు 3. ఒక రాష్ట్రం ఓట్లన్నీ ఒకే వైపు పడాలి, చీల్చడానికి వీల్లేదు. ఒక బిల్లు రాష్ట్రాల ఖజానా మీదో, రాష్ట్ర అధికారుల పనితీరు మీదో భారం వేస్తే అది బుండెస్రాట్ ఒప్పుకుంటేనే చట్టం అవుతుంది, లేదంటే అక్కడే ఆగిపోతుంది. మెజారిటీకి 35 ఓట్లు కావాలి. తటస్థంగా ఉన్నా లెక్కలో వ్యతిరేకించినట్టే.

మన దగ్గర రాజ్యసభ సభ్యుణ్ణి ఎమ్మెల్యేలు పంపిస్తారు, ఆ తర్వాత ఆయన పార్టీ విప్ ప్రకారం ఓటేస్తాడు. రాష్ట్ర ప్రభుత్వం ఏమనుకుంటుందో ఆ ఓటుకు సంబంధం ఉండదు. 2003లో చట్టం మార్చాక ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాల్సిన పని కూడా పోయింది. 2016లో ఆంధ్రప్రదేశ్ నుంచి సురేశ్ ప్రభు వెళ్లారు, 2024లో తెలంగాణ నుంచి అభిషేక్ సింఘ్వీ వెళ్లారు. వాళ్ల సమర్థత గురించి కాదు నేను అంటున్నది. అది రాష్ట్రాల సభ అని పేరు పెట్టుకున్నప్పుడు అందులో రాష్ట్రం గొంతు ఎక్కడుందన్నదే నా ప్రశ్న. మీరేమంటారు?

గ్రూప్స్_దీక్ష (అశోక్‌నగర్, హైదరాబాద్)

మంచి టాపిక్ అన్నా. మా పాలిటీ పుస్తకంలో జర్మనీ అంటే ఒక్క లైనే ఉంటుంది, "ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల సస్పెన్షన్ వైమార్ రాజ్యాంగం నుంచి తీసుకున్నారు" అని. బిట్ వస్తే టిక్ పెట్టడం, అంతే. హిట్లర్‌కు ముందున్న ఆ జర్మనీలో, అంటే వైమార్‌లో, అదెలా వాడారు, ఎందుకు వాడారు అని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు జర్మనీలో రాష్ట్రపతి పాలన లాంటిది ఉందా? గవర్నర్లు ఉంటారా?

న్యాయపథం (లైప్‌జిగ్)

గవర్నర్ అనే పదవే లేదండీ. రాష్ట్రానికి ముఖ్యమంత్రే పెద్ద, పైనుంచి ఎవరూ రారు. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లును పట్టుకుని కూర్చునే మనిషి ఆ వ్యవస్థలో లేడు.

వైమార్ సంగతి అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఇది తెలియకపోతే ఇప్పటి రాజ్యాంగం ఎందుకిలా ఉందో అర్థం కాదు. అప్పట్లో ప్రష్యా అని ఒక పెద్ద రాష్ట్రం ఉండేది, దేశ జనాభాలో ఐదింట మూడు వంతులు అందులోనే. అక్కడ సోషల్ డెమొక్రాట్ ఒట్టో బ్రౌన్ ప్రభుత్వం. 1932 జూలై 17న హాంబర్గ్ పక్కనున్న ఆల్టోనాలో నాజీల ఊరేగింపు మీద గొడవ జరిగి కాల్పుల్లో జనం చనిపోయారు. మూడు రోజులకే, జూలై 20న, శాంతిభద్రతలు అదుపు తప్పాయని చెప్పి చాన్సలర్ పాపెన్ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చేత ఎమర్జెన్సీ అధికారాలిచ్చే ఆర్టికల్ 48 కింద ఉత్తర్వు ఇప్పించి ప్రష్యా ప్రభుత్వాన్ని పక్కకు నెట్టి తానే కమిషనర్‌గా కూర్చున్నాడు. కేసు ఇక్కడ లైప్‌జిగ్ కోర్టుకే వచ్చింది. అక్టోబర్‌లో కోర్టు అటూ ఇటూ కాని తీర్పు ఇచ్చింది, కాగితం మీద ప్రష్యా మంత్రులకు కొన్ని హక్కులు మిగిలాయి, పోలీసులు మాత్రం కేంద్రం చేతిలోనే ఉండిపోయారు. 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యేసరికి ఆ పోలీసు బలగం సిద్ధంగా ఉంది, నాజీ నాయకుడు గోరింగ్ చేతికి వెళ్లింది. ఇంకో ఏడాదికి రాష్ట్రాల అధికారాలే తీసేశారు, 1934 ఫిబ్రవరిలో రాష్ట్రాల సభనూ రద్దు చేశారు.

1949లో బాన్‌లో కూర్చుని రాజ్యాంగం రాసినవాళ్లు ఇదంతా కళ్లారా చూసినవాళ్లు. అందుకే దేశం రాష్ట్రాలుగా ఉండటం, చట్టాల తయారీలో రాష్ట్రాలకు పాత్ర ఉండటం అనే రెండింటినీ మూడింట రెండు వంతుల మెజారిటీతో కూడా తీసేయడానికి వీల్లేదని ఆర్టికల్ 79లో రాసుకున్నారు. రాష్ట్రం తన బాధ్యత నెరవేర్చకపోతే కేంద్రం ఒత్తిడి చేయొచ్చని ఆర్టికల్ 37 ఉంది, దానికి మళ్లీ బుండెస్రాట్ ఒప్పుకోవాలి, అంటే మిగతా రాష్ట్రాలు సరేననాలి. 1949 నుంచి దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. రాష్ట్రపతి పాలన పెట్టే మన ఆర్టికల్ 356 వాడకం వందసార్లు దాటింది.

తెనాలి_మాస్టారు

న్యాయపథం గారూ, చాలా బాగా చెప్పారు. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. ఒక్క సవరణ లాంటి మాట, గ్రూప్స్ పిల్లలకు పనికొస్తుందని. మన 356 వైమార్ నుంచి రాలేదు, 1935 చట్టంలో సెక్షన్ 93 అని ఉండేది, బ్రిటిష్ గవర్నర్లు వాడుకునేవాళ్లు, దానికి కొనసాగింపు ఇది. 1959లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వంతో ఆ ఆట పెద్దదైంది, 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పుతో చాలావరకు అదుపులోకి వచ్చింది.

అయితే మన తెలుగువాళ్లకు తగిలిన పెద్ద దెబ్బ 356 కాదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తీసేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించినప్పుడు రాష్ట్రపతి పాలన పెట్టలేదు. గవర్నర్ చేతిలో ఉన్న నియామకపు అధికారాన్నే వాడారు. అసెంబ్లీలో బలం చూపిస్తానని రామారావు గారు అంటున్నా వినలేదు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకలో నంది హిల్స్‌కు తీసుకుపోవాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి. ఆ నెల రోజులు మా ఊళ్లో సెంటర్లో పేపరు చుట్టూ జనం గుంపుగా నిలబడి చదివించుకునేవాళ్లు, బడి వదిలాక పిల్లలు కూడా అక్కడే ఉండేవాళ్లు. సభలో తేలాల్సిన లెక్క రాజ్‌భవన్‌లో తేల్చడం తప్పని ఆ రోజుల్లో రాజకీయం పట్టని ఇళ్లల్లో కూడా అన్నారు.

జర్మనీలో చాన్సలర్‌ను దించాలంటే ఏం చేయాలి? దాని గురించి కొంచెం రాయండి.

న్యాయపథం (లైప్‌జిగ్)

మాస్టారూ, నమస్కారం. అక్కడ అవిశ్వాసం పెట్టేవాళ్లు ఎవరిని కూర్చోబెడతారో కూడా అదే తీర్మానంలో చెప్పాలి. కొత్త చాన్సలర్‌కు సభలో పూర్తి మెజారిటీ వస్తేనే పాతవాడు దిగుతాడు. దించడానికి మాత్రం అందరూ కలిసి, నిలబెట్టడానికి ఎవరూ లేకపోవడమన్నది వైమార్ కాలంలో మళ్లీ మళ్లీ జరిగింది కాబట్టి ఆర్టికల్ 67లో ఈ షరతు పెట్టారు.

ఇప్పటిదాకా రెండుసార్లే వాడారు. 1972లో విల్లీ బ్రాంట్ మీద రైనర్ బార్జెల్ పెట్టాడు. 249 కావాలి, 247 వచ్చాయి. అందరూ బ్రాంట్ పని అయిపోయిందనుకున్న రోజది. తర్వాతి ఏడాది యూలియుస్ స్టైనర్ అనే బార్జెల్ పార్టీ ఎంపీ, ఆ రోజు బార్జెల్‌కు ఓటు వేయకుండా ఉన్నందుకు తనకు 50,000 మార్కులు ముట్టాయని బయటపెట్టాడు, తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ స్టాజీ చెయ్యి ఉందని బెర్లిన్ గోడ కూలాక తెలిసింది. రెండోది 1982 అక్టోబర్ 1, హెల్ముట్ ష్మిట్ దిగి హెల్ముట్ కోల్ ఎక్కాడు, అది సఫలమైంది.

చాన్సలర్ తానే విశ్వాస పరీక్ష అడిగి ఓడిపోవడం వేరే దారి. షోల్ట్స్ 2024 డిసెంబర్ 16న అలాగే ఓడాడు, 2025 ఫిబ్రవరి 23న ఎన్నికలు జరిగాయి. గెలిచిన మెర్ట్స్‌కు కూడా సాఫీగా జరగలేదు, మే 6న చాన్సలర్‌ను ఎన్నుకునే మొదటి ఓటింగ్‌లో 316 కావాల్సిన చోట 310 వచ్చాయి, సొంత కూటమి వాళ్లే రహస్య ఓటింగ్‌లో చెయ్యిచ్చారు, అదే రోజు రెండోసారి పెడితే 325తో గట్టెక్కాడు.

గ్రూప్స్_దీక్ష (అశోక్‌నగర్, హైదరాబాద్)

సొంతవాళ్లు చెయ్యిచ్చినా చర్యలు ఉండవా? ఫిరాయింపుల చట్టం లేదా అక్కడ?

నెకర్_తీరం (స్టుట్‌గార్ట్)

లేదు తమ్ముడూ. ఎంపీ తన మనస్సాక్షికి మాత్రమే బద్ధుడు అని ఆర్టికల్ 38లో ఉంది. 2023లో సారా వాగెన్‌క్నెష్ట్, ఆమెతో ఇంకో తొమ్మిదిమంది లెఫ్ట్ పార్టీ నుంచి బయటికొచ్చి కొత్త పార్టీ పెట్టుకున్నారు, పదిమందికీ సీట్లు పోలేదు. ఆ పార్టీయే 2025లో 4.98 శాతం దగ్గర ఆగిపోయింది. 5 శాతం రాకపోతే, కనీసం మూడు నియోజకవర్గాల్లో నేరుగా గెలవకపోతే సభలోకి రానివ్వరు. పదివేల కంటే తక్కువ ఓట్ల తేడాతో మొత్తం పార్టీ బయటే ఉండిపోయింది. దీని మీద నాకు రెండు ఆలోచనలు ఉన్నాయి, ఇరవై ముప్పై చిన్న పార్టీలతో సభ ముక్కలు కాకుండా ఉండటం మంచిదే, కానీ దాదాపు ఇరవై ఐదు లక్షల మంది వేసిన ఓటు లెక్కలోకి రాకపోవడం చిన్న విషయం కాదు.

కృష్ణలంక_కుర్రాడు

ఒక డౌట్. రాష్ట్రం ఓట్లన్నీ ఒకేవైపు పడాలన్నారు. ఆ రాష్ట్రంలో కూటమి ప్రభుత్వం ఉండి ఇద్దరికీ కుదరకపోతే?

న్యాయపథం (లైప్‌జిగ్)

సరిగ్గా అదే జరిగింది ఒకసారి, 2002 మార్చి 22న. వలసల చట్టం మీద ఓటింగ్, అంటే మన లాంటివాళ్ల రాకపోకల గురించే. అన్నీ లెక్కేసుకుంటే బ్రాండెన్‌బర్గ్ 4 ఓట్ల మీద ఆధారపడింది. అక్కడ సోషల్ డెమొక్రాట్లు, క్రిస్టియన్ డెమొక్రాట్లు కలిసి ప్రభుత్వం నడుపుతున్నారు. రాష్ట్రం పేరు పిలిచారు. ఒక మంత్రి ఆల్విన్ త్సీల్ "అవును" అన్నాడు, వెంటనే ఇంకో మంత్రి షూన్‌బోమ్ "కాదు" అన్నాడు. అధ్యక్ష స్థానంలో బెర్లిన్ మేయర్ వోవెరైట్. ఓట్లు చీలాయి, ఇలా చెల్లవు అని ముఖ్యమంత్రి స్టోల్పే వైపు తిరిగి అడిగాడు, ఆయన ముఖ్యమంత్రిగా నేను "అవును" అంటున్నాను అన్నాడు. షూన్‌బోమ్ నా అభిప్రాయం మీకు తెలుసు కదా అన్నాడు. వోవెరైట్ దాన్ని "అవును" కింద రాసుకున్నాడు. సభంతా గోల, ఎదుటి పక్షం ముఖ్యమంత్రులు బల్లలు చరిచి బయటికి నడిచారు.

దేశాధ్యక్షుడు రావ్ మూడు నెలలు ఆలోచించి సంతకం పెట్టాడు. డిసెంబర్ 18న కార్ల్స్‌రూహలోని రాజ్యాంగ కోర్టు చట్టాన్ని కొట్టేసింది. ఓటు చీలినప్పుడు ఆ రాష్ట్రం ఓటు లేనట్టే, ముఖ్యమంత్రి మాట మిగతావాళ్ల మాట కంటే ఎక్కువ కాదు అంది. ఆ కోర్టు జడ్జీల్లో సగం మందిని బుండెస్రాటే ఎన్నుకుంటుంది, మూడింట రెండు వంతుల ఓట్లతో. మొత్తం 16 మంది, 12 ఏళ్లు, రెండోసారి ఉండదు. రాష్ట్రాలకు, కేంద్రానికి తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పేవాళ్ల ఎంపికలో రాష్ట్రాల చెయ్యి ఉండటం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది.

అప్పటి నుంచి కూటమి ఒప్పందాల్లో ఇద్దరికీ కుదరకపోతే తటస్థం అని ముందే రాసుకోవడం మామూలైపోయింది. 2025 మార్చిలో అప్పుల పరిమితి సడలించే రాజ్యాంగ సవరణకు 69లో 53 వచ్చాయి, మిగిలిన నాలుగు రాష్ట్రాలూ ఇలాగే తటస్థంగా కూర్చున్నాయి.

ఓరుగల్లు_వాకిలి

అంతా బాగానే ఉంది గానీ నేనొక మాట అడుగుత. జర్మనీ పద్ధతి మన దగ్గర ఉంటే తెలంగాణ వచ్చేదా? కొత్త రాష్ట్రాలు చేసే ఆర్టికల్ 3 ఉన్నందుకే, పార్లమెంటు చేతిలో ఆ అధికారం ఉన్నందుకే వచ్చింది. సంఖ్య ఎక్కువున్న ప్రాంతం ఒప్పుకుంటేనే విడిపోవాలె అంటే ఇంకో అరవై ఏండ్లు కొట్లాడినా రాదు. రాష్ట్రాల హక్కులు అని మాట్లాడేటప్పుడు ఆ రాష్ట్రం లోపల చిన్న ప్రాంతం పరిస్థితి ఏంది అన్నది కూడా చూడాలె.

గోదారిగట్టు

అన్నా, మీ ఉద్యమం న్యాయం గురించి నేను మాట్లాడను, అది చరిత్ర. పద్ధతి గురించి మాట్లాడతాను. 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో విభజన బిల్లును తిప్పి పంపింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేసేశాయి. ఒక రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడిగి, వద్దని చెప్పాక దానికి ఏ విలువా లేదంటే అడగడం దేనికి? ఇవాళ మనకు జరిగింది, రేపు ఇంకో రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతం చేస్తారు. 2019లో జమ్మూకశ్మీర్‌కు అదే చేశారు, అప్పుడక్కడ అసెంబ్లీ కూడా లేదు.

నెకర్_తీరం (స్టుట్‌గార్ట్)

ఇద్దరూ చెప్పిందీ నాకు సమంజసంగానే ఉంది, అందుకే నేనుండే రాష్ట్రం కథ చెప్పాలి. పరీక్షలో బేడన్-వుర్టెంబర్గ్ ఎప్పుడు ఏర్పడింది అంటే 1952 అని రాయాలి. దాని వెనక ఇంత ఉందని పక్కింటి పెద్దాయన చెబితేనే తెలిసింది, ఆయనది ఫ్రైబుర్గ్, అంటే బేడన్ వైపు.

యుద్ధం తర్వాత ఇక్కడ మూడు రాష్ట్రాలు ఉండేవి. కలపాలా వద్దా అని 1951 డిసెంబర్ 9న రెఫరెండం పెట్టారు. పాత బేడన్ మొత్తంగా లెక్కేస్తే 52 శాతం వద్దన్నారు, ఫ్రైబుర్గ్ ఉన్న దక్షిణ బేడన్‌లో అయితే 62 శాతం. కానీ ఓట్లను నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి, మూడింట్లో మెజారిటీ వస్తే చాలన్నారు. మూడింట్లో వచ్చింది. వుర్టెంబర్గ్ జనం ఎక్కువ, బేడన్ జనం తక్కువ. 1952 ఏప్రిల్ 25న కలిపేశారు.

బేడన్ వాళ్లు ఊరుకోలేదు. కోర్టుకు వెళ్లారు. 1956లో రాజ్యాంగ కోర్టు బేడన్ ప్రజల అభిప్రాయం రాజకీయ పరిణామాల కింద మరుగున పడిపోయింది, వాళ్లకు మళ్లీ ఓటు అడిగే హక్కుందని చెప్పింది. గమనించారా, 1956. మన దగ్గర పెద్దమనుషుల ఒప్పందం, విలీనం జరిగిన ఏడాదే. ఆ ఓటు పెట్టడానికి నాయకులు ఎంత సాగదీశారంటే 1970 జూన్ 7కు గానీ జరగలేదు. అప్పటికి ఒక తరం మారిపోయింది, 81.9 శాతం కలిసుందాం అన్నారు. మా పక్కింటి పెద్దాయన తన తండ్రి ఆ రోజు కూడా వద్దనే ఓటేశాడని చెప్పారు, కానీ "ఆ తర్వాత మా ఇంట్లో దాని మీద గొడవ లేదు, అడిగారు కదా" అన్నారు.

ఓరుగల్లు అన్నా, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడి రాజ్యాంగం ఆర్టికల్ 29లో కొంత ఉంది. సరిహద్దులు మార్చాలంటే ఆ రాష్ట్రాల ప్రజల ఓటు తప్పనిసరి. మొత్తం రాష్ట్రం మెజారిటీ వద్దన్నా, మారాల్సిన ఆ ప్రాంతంలో మూడింట రెండు వంతులు కావాలంటే ఆ వద్దన్నది చెల్లదు, రాష్ట్రం మొత్తంలో కూడా మూడింట రెండు వంతులు వద్దంటే తప్ప. చిన్న ప్రాంతాన్ని పెద్ద ప్రాంతం ఊరికే తొక్కేయకుండా అదొక మార్గం.

ఓరుగల్లు_వాకిలి

ఇది నాకు తెల్వదు అన్నా. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ కూడా 1955లో ఇట్లనే రాసింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచుండ్రి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి అసెంబ్లీ మూడింట రెండు వంతులతో కలుస్తం అంటేనే కలపండి అని. ఆ మాట విని ఉంటే 1969లో అంతమంది పిల్లలు చచ్చిపోయేవాళ్లు కాదు. ఎవరూ మా జిల్లాల్ల ఓటు పెట్టి అడగలే. అదే మా కడుపుకోత.

గోదారిగట్టు

మమ్మల్నీ అడగలేదన్నా 2014లో. అడిగే పద్ధతి రాజ్యాంగంలోనే ఉండి ఉంటే ఇద్దరికీ ఇంత బాధ మిగిలేది కాదు. నేనది ఒప్పుకుంటాను.

మ్యూనిక్_శారద

అందరూ రాష్ట్రాలకు అధికారం అంటే పూలదండ వేస్తున్నారు, రోజూ దాంతో బతికేవాళ్ల కష్టం కూడా రాయనివ్వండి. మేం బెర్లిన్ నుంచి ఇక్కడికి మారాం, బాబు నాలుగో క్లాసు మధ్యలో ఉన్నాడు. చదువు పూర్తిగా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. బెర్లిన్‌లో ప్రైమరీ ఆరో క్లాసు దాకా, పిల్లాడి గురించి నిర్ణయం అప్పుడు. బవేరియాలో నాలుగుతోనే అయిపోతుంది. ఇక్కడ జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటేనే (ఇక్కడ 1 అన్నిటికంటే మంచి మార్కు, అంకె పెరిగితే తక్కువ) నేరుగా జిమ్నాజియం, అంటే యూనివర్సిటీ వైపు నడిపించే హైస్కూలు. మే మొదట్లో ఆ కాగితం చేతికిస్తారు. పదేళ్ల పిల్లాడండీ. వాడి పుస్తకాలు వేరు, నేర్చుకున్న వరస వేరు, వచ్చిన నాలుగు నెలల్లో వీళ్ల పద్ధతిలో పరీక్షలు రాసి 2.66 తెచ్చుకున్నాడు. రాత్రి పడుకునే ముందు "అమ్మా నేను బెర్లిన్‌లో బాగానే చదివేవాణ్ణి కదా" అని అడిగాడు. ఒకే దేశం, ఒకే పాస్‌పోర్టు, రాష్ట్రం మారితే పిల్లాడి దారే మారిపోతుంది. ఆ టెన్షన్ ఇంట్లో అందరం పడ్డాం.

వీసా ఆఫీసుల సంగతీ అంతే. చట్టం కేంద్రానిది, అమలు రాష్ట్రాలది, ఊళ్ల చేతికి వస్తుంది. ఒక ఊళ్లో రెండు వారాల్లో నివాస అనుమతి కార్డు ఇస్తారు, ఇంకో ఊళ్లో అపాయింట్‌మెంట్ కోసమే నెలలు. నా కార్డు గడువు దాటిపోయి తాత్కాలిక కాగితం మీద ఉన్నప్పుడు నాన్నకు ఆపరేషన్ అయింది, తిరిగి రానిస్తారో లేదోనన్న భయంతో వెళ్లలేకపోయాను. పక్క జిల్లాలో ఉన్న స్నేహితురాలికి అదే కార్డు పోస్టులో వచ్చింది.

హనుమకొండ_టు_ఆహెన్

శారదక్కా, చదివితే బాధగా ఉంది. స్టూడెంట్స్‌కు కూడా ఇదే. కొత్తగా వచ్చేవాళ్లు జర్మనీ అంటే ఫీజు లేదు అనుకుని కన్సల్టెన్సీ చెప్పింది నమ్మి వచ్చేస్తారు. బేడన్-వుర్టెంబర్గ్‌లో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. బవేరియా చట్టం మార్చాక మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ మాస్టర్స్‌కు 4,000 నుంచి 6,000 దాకా పెట్టింది, అదీ సెమిస్టర్‌కే. నేనుండే నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో అలాంటి ఫీజు లేదు, ఇక్కడ సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ కడితే చాలు. అప్లై చేసేముందు యూనివర్సిటీ ర్యాంకే కాదు, అది ఏ రాష్ట్రంలో ఉందో కూడా చూసుకోండి.

కృష్ణలంక_కుర్రాడు

డబ్బుల సంగతి ఎవరూ రాయలేదు. అసలు గొడవ అంతా అక్కడే కదా. మన పన్నుల్లో వాటా 14వ ఆర్థిక సంఘంలో ఆంధ్రకు 4.305 శాతం ఉంటే 15వ దాంట్లో 4.047కు దిగింది, తెలంగాణకు 2.437 నుంచి 2.102కు. కేంద్రం సెస్సులు, సర్‌చార్జీల రూపంలో వసూలు చేసేది అసలు పంచాల్సిన డబ్బులోకే రాదు. జనాభా తగ్గించుకున్నందుకు మనకు శిక్షా అని దక్షిణాది అడుగుతోంది. అక్కడ బవేరియా కూడా ఇలాగే అడుగుతుందని విన్నా.

న్యాయపథం (లైప్‌జిగ్)

అడుగుతుంది, 2023లో కోర్టుకు కూడా వెళ్లింది. 2024లో ఎక్కువ రాబడి ఉన్న రాష్ట్రాల నుంచి తక్కువ రాబడి ఉన్నవాటికి సర్దుబాటు అయిన సొమ్ము సుమారు 1,860 కోట్ల యూరోలు, అందులో సగానికి పైగా బవేరియా ఒక్కటే భరించింది. అందుకునేవాళ్లలో బెర్లిన్ ముందుంది, 390 కోట్లకు పైగా. మా డబ్బుతో బెర్లిన్‌లో పిల్లలకు క్రెష్ ఉచితం చేశారు, మా దగ్గర తల్లిదండ్రులు కడుతున్నారు అని మ్యూనిక్‌లో ప్రతి ఎన్నికల్లో వినిపిస్తుంది. అదే బవేరియా 1986 దాకా అందుకునే వరసలోనే ఉందన్నది అక్కడ ఎవరూ ప్రస్తావించరు. అప్పట్లో పొలాలు, పాడి మాత్రమే ఎక్కువగా ఉన్న రాష్ట్రం, మిగతావాళ్ల సాయంతో నిలదొక్కుకుంది.

మనకూ వాళ్లకూ తేడా నాకు ఎక్కడ కనిపిస్తుందంటే, ఆదాయపు పన్ను పంపకం అక్కడ 42.5 కేంద్రానికి, 42.5 రాష్ట్రాలకు, 15 స్థానిక సంస్థలకు అని లెక్క తేటతెల్లంగా ఉంటుంది. రాష్ట్రాలకో స్థానిక సంస్థలకో వాటా వచ్చే ఏ పన్ను చట్టమైనా బుండెస్రాట్ ఒప్పుకోవాలి. బవేరియాకు నష్టం అనిపించినా ఆ సూత్రం తయారైన గదిలో బవేరియా కూర్చుని ఉంది, ఓటేసింది. మన ఆర్థిక సంఘం సభ్యులను కేంద్రమే నియమిస్తుంది, రాష్ట్రాలు వినతిపత్రం ఇచ్చి రావాల్సిందే. జీఎస్టీ కౌన్సిల్‌లో మాత్రం కాస్త మెరుగు, కేంద్రం ఓటుకు మూడింట ఒక వంతు బరువు, రాష్ట్రాలకు రెండు వంతులు, నాలుగింట మూడు వంతులు వస్తేనే నిర్ణయం. అంటే కేంద్రం వద్దంటే ఏదీ జరగదు.

తెనాలి_మాస్టారు

ఇది చదివాక నాకొకటి అనిపిస్తోంది. మన పిల్లలకు కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని బట్టీ పట్టిస్తాం, ఏ జాబితాలో ఎన్ని అంశాలు అని పరీక్షలో అడుగుతాం. జర్మనీలో చూస్తే చట్టాలు చేసే అధికారం చాలావరకు కేంద్రానిదే, చదువు, పోలీసులు, ఇంకొన్ని తప్ప. అయినా అక్కడి రాష్ట్రాలు మన రాష్ట్రాల కంటే గట్టిగా ఉన్నాయంటే కారణం జాబితాలో లేదు. కేంద్రం చట్టం చేసేచోట రాష్ట్రం కుర్చీ వేసుకుని కూర్చుంది, దాన్ని లేపే అధికారం కేంద్రానికి లేదు. శారదమ్మ చెప్పిన కష్టం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పదహారు విద్యాశాఖలు కూర్చుని రాష్ట్రం మారిన పిల్లాడికి ఒక ఏడాది వెసులుబాటు ఇవ్వాలని రాసుకోలేవా?

అమ్మా, బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

మ్యూనిక్_శారద

బాగున్నాడు మాస్టారూ, థాంక్యూ అండీ. మిడిల్ స్కూల్ లాంటి రెయాల్‌షూలెలో ఐదో క్లాసు చదువుతున్నాడు, మార్కులు బాగా వస్తే మారే వీలుంది, ప్రయత్నిస్తున్నాం. ఆ 2.33 మార్చాలంటే మ్యూనిక్‌లో కూర్చున్న రాష్ట్ర అసెంబ్లీ మార్చాలి, బెర్లిన్‌లో ఎవరికి అర్జీ పెట్టినా పని కాదు. స్కూల్ పేరెంట్స్ కమిటీలో ఉన్నాను, కానీ ఓటు లేదు నాకు. యూరోపియన్ యూనియన్ వాళ్లకైనా మున్సిపల్ ఎన్నికల్లో ఓటుంది, మనకు అదీ లేదు. అందుకే నేనూ పౌరసత్వానికి అప్లై చేస్తున్నాను. మావారు మాత్రం భారతీయ పాస్‌పోర్టు వదలడానికి ఇష్టపడటం లేదు, ఆయన్ను బలవంతం చేయను. నెకర్ తీరం గారూ, 2024లో చట్టం మారాక పాత పాస్‌పోర్టు ఉంచుకోవచ్చు అంటున్నారు, నిజమేనా?

నెకర్_తీరం (స్టుట్‌గార్ట్)

జర్మనీ వైపు నుంచి అభ్యంతరం లేదండీ, 2024 జూన్ 27 నుంచి. కానీ మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, కాబట్టి మీకు జర్మన్ సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు నుంచి భారతీయ పాస్‌పోర్టు చెల్లదు. కాన్సులేట్‌లో సరెండర్ చేసి ఆ తర్వాత ఓసీఐకి, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకిచ్చే కార్డుకు, అప్లై చేసుకోవాలి. ఓసీఐతో ఇంటికి వెళ్లిరావడానికి వీసా అక్కర్లేదు, అక్కడ ఓటు మాత్రం ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి కుదరదు. అందుకే మీవారి ఆలోచన కూడా నాకు అర్థమవుతుంది, నేనూ దాని మీద చాలా రోజులు నలిగాను.

పౌరసత్వానికి ఇక్కడ ఉండాల్సిన గడువు ఐదేళ్లు. మూడేళ్ల దారి 2025 అక్టోబర్ చివర్లో తీసేశారు, ఏజెంట్లు ఇంకా ఉందని చెబితే నమ్మొద్దు. పరీక్ష ఫీజు 25 యూరోలు. మీకు వచ్చే 3 రాష్ట్ర ప్రశ్నలు బవేరియావి, జెండా, రాజధాని, అసెంబ్లీ పదవీకాలం లాంటివి. ఇక్కడ చాలా రాష్ట్రాల్లాగే బవేరియాలోనూ అసెంబ్లీకి ఐదేళ్లు, మన లోక్‌సభ లాంటి బుండెస్టాగ్‌కు నాలుగు. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది తప్పు టిక్ పెడతారు, అది చూసుకోండి. బవేరియా అసెంబ్లీ ఎన్నికలు 2023లో అయ్యాయి, మళ్లీ 2028లో. ఇప్పుడు అప్లై చేస్తే ఆ ఓటుకు మీరు అందుకోవచ్చు.